మీరు ఏం చూస్తున్నారో నెట్ కంపెనీకి ఎంతవరకు తెలుస్తుంది?

మీ ప్రశ్న చదివాను. నరసన్నపేటలో మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటున్నారు. నెట్ కనెక్షన్ కింద ఉండే ఇంటి ఓనర్ గారి పేరు మీద ఉంది, అదే వైఫై మీరూ వాడుకుంటూ నెలకి కొంత ఇస్తున్నారు. మొన్న బిల్లుకొచ్చిన కేబుల్ అబ్బాయి "ఎవులింట్లో ఏటి సూస్తున్నారో మాకు తెలిసిపోద్దండి" అని నవ్వాడు. ఈ మధ్య మీరు ఒక ఆరోగ్య సమస్య గురించీ, ఉద్యోగం మారడం గురించీ నెట్‌లో వెతికారు. మర్నాడే వాటి ప్రకటనలు కూడా రావడంతో టెన్షన్ పట్టుకుంది. ఇన్‌కాగ్నిటో (బ్రౌజర్‌లో ఉండే ప్రైవేట్ కిటికీ) సరిపోతుందా, వీపీఎన్ (మన రాకపోకల్ని ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి, ఇంకో కంపెనీ సర్వర్ మీదుగా పంపే సేవ) కొనాలా అని అడిగారు.

నేను విజయనగరంలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీ నెట్‌వర్క్ గదిలో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు బొబ్బిలి చుట్టుపక్కల ఆఫీసులకి, స్కూళ్లకి నెట్‌వర్క్ పనులు చేసిపెడుతున్నాను. తెర మీద ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చూసినవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. మీరు ఏ సైటుకి వెళ్లారు, ఎప్పుడు వెళ్లారు, ఎంత డేటా నడిచింది అన్నది నెట్ కంపెనీకి తెలిసే వీలుంది. ఆ సైటులో ఏ పేజీ చదివారు, ఏం టైప్ చేశారు, ఎవరికి ఏం రాశారు అన్నది ఈ రోజుల్లో దాదాపుగా తెలియదు. కేబుల్ అబ్బాయికైతే ఏ సైటుకి వెళ్లారన్నది కూడా తెలియదు, ఆయన మాట ఎక్కువభాగం గొప్పలే. కాకపోతే ఆయన చేతిలో వేరే తాళం ఒకటుంది, అక్కడికి తర్వాత వస్తాను.

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కి టెక్కలికి టిక్కెట్టు తీసుకున్నారనుకోండి. మీరు టెక్కలిలో దిగారని కండక్టర్‌కి తెలుసు, ఎన్ని గంటలకో కూడా తెలుసు. దిగాక ఎవరింటికి వెళ్లారో, ఏం మాట్లాడారో తెలియదు. నెట్ కంపెనీ పరిస్థితి ఇంచుమించు అదే. అయితే టెక్కలిలో మీ బంధువులు ఒక్కరే ఉన్నారని కండక్టర్‌కి తెలిస్తే, మీరు ఎవరింటికి వెళ్లారో చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు కదా. అసలు ఇబ్బంది అక్కడుంది.

కేబుల్ అబ్బాయి సంగతి చూద్దాం. మన జిల్లాల్లో ఇంటికి నెట్ ఇచ్చేది చాలాచోట్ల ఊళ్లో ఒకప్పుడు టీవీ కేబుల్ నడిపిన ఆపరేటరే. వైరు ఆయనది, బిల్లు వసూలు ఆయనది. వెనక ఏపీ ఫైబర్‌నెట్టో, బీఎస్‌ఎన్‌ఎల్లో, ఇంకేదైనా ప్రైవేటు కంపెనీయో ఉంటుంది. దాని వెనక ఇంకా పెద్ద కంపెనీలు ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు పడిపోతే, వాటి మీదుగా లాగిన ఫైబర్ కూడా నేలపాలైంది. నెట్ అంటే గాలిలోంచి రాదు, ఇంతమంది చేతులు మారి వస్తుంది అని చాలామందికి అప్పుడే తెలిసొచ్చింది. ఈ చేతులన్నిటికీ ఒకేలా కనిపించదు.

ఆపరేటర్‌కి కంపెనీ ఒక పోర్టల్ లాగిన్ ఇస్తుంది. అందులో మీ కనెక్షన్ యూజర్ నేమ్, ప్లాన్, బిల్లు గడువు, లైన్ ఇప్పుడు ఆన్‌లో ఉందా లేదా, ఈ నెల ఎన్ని జీబీలు వాడారు, ఇంట్లో వైఫై బాక్స్‌కి ఫైబర్‌లోంచి వెలుగు సరిగ్గా అందుతోందా లాంటివి ఉంటాయి. ఏ సైటు చూశారన్న కాలమ్ అక్కడ ఉండదు. "మీ ఇంట్లో రాత్రి రెండింటి దాకా నెట్ ఆడతాది కదా" అని ఆయన అంటే అది డేటా వాడకం చూసి అన్న మాట. దాన్నే ఇంకాస్త పొడిగించి ఏం చూస్తున్నారో కూడా తెలుసంటాడు. ఊళ్లో ఆ మాటకి బరువుంటుంది మరి.

ఇంకో అనుమానం కూడా జనాల్లో ఉంది. వీధిలో ఒక స్ప్లిట్టర్ పెట్టి ఒకే ఫైబర్‌ని ముప్పై, అరవై ఇళ్లకి పంచుతారు కదా, పక్కింటివాళ్లకి మన డేటా వెళ్లదా అని. పై నుంచి కిందకి వచ్చే సిగ్నల్ నిజంగానే ఆ స్ప్లిట్టర్ మీదున్న అన్ని బాక్సులకీ చేరుతుంది. కానీ ప్రతి బాక్సూ తనది కానిదాన్ని వదిలేస్తుంది. పైగా ఇంటింటికీ వేరే తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసే ఏర్పాటు ఆ టెక్నాలజీలోనే ఉంది. పక్కింటివాళ్ల గురించి నిశ్చింతగా ఉండండి.

ఇక కంపెనీ. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

మీరు ఫోన్‌లో ఒక సైటు పేరు కొట్టగానే మొదట జరిగేది, ఆ పేరుకి నంబర్ ఏమిటని ఫోన్ వెళ్లి అడగడం. దీన్నే డీఎన్‌ఎస్ అంటారు. మీరు ఏమీ మార్చకపోతే మామూలుగా ఆ ప్రశ్న వెళ్లేది మీ నెట్ కంపెనీ సర్వర్‌కే, అదీ ఏ ముసుగూ లేకుండా. అంటే మీరు ఏ సైటుకి వెళ్తున్నారో మీ ఫోనే స్వయంగా వాళ్లకి చెబుతోంది. కంపెనీకి చేరే సమాచారంలో అన్నిటికంటే తేలిగ్గా దొరికేది ఇదే.

తర్వాత ఫోన్ ఆ సైటుతో కనెక్షన్ కలుపుకుంటుంది. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ, ఎన్‌క్రిప్ట్ చేసి పంపడానికి సైట్లకి కావలసిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్ ఆ తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, లేని సైట్ల పక్కన 'సురక్షితం కాదు' అని చూపించసాగింది. ఈ రెండింటితో వెబ్ చాలావరకు హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే ఫోన్‌కీ సైటుకీ మధ్య అంతా ఎన్‌క్రిప్ట్ చేసి పంపే పద్ధతికి, మారిపోయింది. దాని వల్ల పేజీ పేరు, మీరు నింపిన ఫారం, పాస్‌వర్డ్, సెర్చ్‌లో కొట్టిన మాటలు అన్నీ ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. మధ్యలో కంపెనీ చూసినా అర్థంలేని అక్షరాల గుట్ట తప్ప ఏమీ ఉండదు.

అయితే కనెక్షన్ కలిసే తొలి క్షణంలో ఫోన్ "నాకు ఫలానా సైటు కావాలి" అని ఒక్క మాట బయటికే అంటుంది. ఒకే సర్వర్ మీద వందల సైట్లు ఉండొచ్చు కాబట్టి అది చెప్పక తప్పదు. దీన్ని ఎస్‌ఎన్‌ఐ అంటారు. డీఎన్‌ఎస్‌ని దాచినా ఈ పేరు మాత్రం కంపెనీ కంట్లో పడుతుంది. ప్రభుత్వం ఒక సైటుని ఆపమన్నప్పుడు కొన్ని కంపెనీలు ఈ పేరు చూసే ఆపుతాయి. దీన్ని కూడా దాచే పద్ధతి ఒకటి వచ్చింది, ఎన్‌క్రిప్టెడ్ క్లయింట్ హలో అంటారు. 2023 నుంచి క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. కానీ అవతలి సైటు కూడా ఒప్పుకుంటేనే పనిచేస్తుంది, ఇంకా అన్ని సైట్లూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మీ ఉదాహరణలే తీసుకుందాం. మీరు తెలుగు వికీపీడియాలో ఒక జబ్బు గురించి చదివితే, వికీపీడియాకి వెళ్లారని కంపెనీకి తెలుస్తుంది. జబ్బు గురించా, బొబ్బిలి యుద్ధం గురించా అన్నది తెలియదు. గూగుల్‌లో వెతికితే గూగుల్‌కి వెళ్లారని తెలుస్తుంది, ఏం వెతికారో తెలియదు. కానీ ఆ ఫలితాల్లోంచి కేవలం ఒకే జబ్బుకి సంబంధించిన క్లినిక్ సైటు తెరిచారనుకోండి, ఆ సైటు పేరే అంతా చెప్పేస్తుంది. ఇక లోపల ఏ పేజీ చదివారో ఎవరికి కావాలి? పెళ్లి సంబంధాల సైటు, అప్పులిచ్చే యాప్, విడాకుల లాయర్ సైటు... వీటికి పేరు చాలు, లోపలికి వెళ్లనక్కర్లేదు. "కంటెంట్ ఎన్‌క్రిప్ట్ అయింది కదా, భయం లేదు" అని తేల్చేసేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

వాట్సాప్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. 2016 నుంచి అందులో సందేశాలు, కాల్స్ ఇటు ఫోన్ నుంచి అటు ఫోన్ దాకా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి. నెట్ కంపెనీకి మీరు వాట్సాప్ వాడుతున్నారని తెలుస్తుంది, డేటా ధోరణి చూస్తే కాల్‌లో ఉన్నారేమో అని ఊహించొచ్చు. కొన్ని కాల్స్ నేరుగా రెండు ఫోన్ల మధ్యే నడుస్తాయి, అప్పుడు అవతలి ఫోన్ ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ కనెక్షన్‌ని గుర్తించే నంబర్) కూడా కంపెనీ దారిలో కనిపిస్తుంది. అది వద్దనుకుంటే వాట్సాప్ ప్రైవసీ సెట్టింగుల్లో కాల్స్‌లో ఐపీ అడ్రస్‌ని దాచే మీట ఉంది, 2023లో ఇచ్చారు. మాటలు మాత్రం ఎలాగూ వినబడవు.

యూట్యూబ్‌లో ఏ వీడియో చూస్తున్నారో పేరుతో తెలియదు. డేటా ముక్కలు ముక్కలుగా వచ్చే తీరుని బట్టి, ముందే కొలిచిపెట్టుకున్న వీడియోల్లో ఇది ఏదో గుర్తుపట్టొచ్చని 2017లో పరిశోధకులు చేసి చూపించారు. సాధ్యమే, కానీ మీ ఇంటి మీద ఆ శ్రమ ఏ కంపెనీ పడదు. టొరెంట్ (వాడేవాళ్లే ఒకరి నుంచి ఒకరు ఫైళ్లు దింపుకునే పద్ధతి) మాత్రం వేరు. అక్కడ మీ ఐపీ అడ్రస్ ఆ ఫైల్ పంచుకుంటున్న వాళ్లందరికీ కనిపిస్తుంది, నెట్ కంపెనీ దాకా కూడా వెళ్లనక్కర్లేదు.

తాళం లేని పాత హెచ్‌టీటీపీ సైట్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. వాటిలో కంపెనీ చదవడమే కాదు, మధ్యలో తన సరుకు దూర్చనూ గలదు. అమెరికాలో వెరిజాన్ కంపెనీ ఫోన్ వాడేవాళ్ల రాకపోకలకి ఒక గుర్తింపు నంబర్ తగిలించి పంపిందని తేలి, 2016లో అక్కడి నియంత్రణ సంస్థ 13.5 లక్షల డాలర్లు జరిమానా వేసింది. మన దేశంలోనూ 2015లో ఎయిర్‌టెల్ 3జీ మీద తెరిచిన పేజీల్లో, ఆ సైటు వాళ్లు పెట్టని కోడ్ కనిపించిందని బెంగళూరులో ఒక ప్రోగ్రామర్ బయటపెట్టాడు. హెచ్‌టీటీపీఎస్ వ్యాపించాక ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. బ్రౌజర్ హెచ్చరిక చూపించిన సైటులో ఆధార్ నంబర్ లాంటివి నింపకండి, అంతే.

ఇదంతా విని, నెట్‌వర్క్ గదిలో కూర్చుని మేం ఒక్కొక్కరి సైట్ల జాబితా చదువుతుంటాం అనుకోకండి. మా ముందు తెర మీద ఉండేవి గీతలు. వేల కనెక్షన్లు కలిపి ఒక గీత. ఐపీఎల్ రాత్రి పైకి లేస్తుంది. పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు పట్నం గీత పడిపోయేది, జనమంతా కోట దగ్గర, మూడు లాంతర్ల దగ్గర రోడ్ల మీదే ఉంటారు కదా. ఒక మనిషిని పట్టుకుని చూడాలంటే ప్రత్యేకంగా కూర్చుని వెతకాలి, దానికి కారణం కావాలి, అనుమతి కావాలి. అందరు ఉద్యోగులూ ఋషులని చెప్పను. రోజువారీ పనిలో అలా చూసే తీరిక గానీ, చూపించే తెర గానీ ఉండదు అంటున్నాను. చూడటం వేరు, రాసిపెట్టుకోవడం వేరు. రాసిపెట్టుకోవడం మాత్రం రోజూ, అందరిదీ జరుగుతుంది.

మన దేశంలో ఇంటర్నెట్ కంపెనీలకి లైసెన్స్ షరతు ఉంది. ఏ కస్టమర్‌కి ఏ సమయంలో ఏ ఐపీ అడ్రస్ ఇచ్చారు, ఆ కనెక్షన్ ఏ అడ్రస్‌లతో ఎప్పుడు మాట్లాడింది అన్న రికార్డు దాచాలి. ఐపీడీఆర్ అంటారు. ఇదివరకు ఒక ఏడాది ఉంచితే సరిపోయేది, 2021 డిసెంబరులో టెలికాం శాఖ దాన్ని కనీసం రెండేళ్లు చేసింది. ఇందులో మీరు చదివిన పేజీలుండవు. వెళ్లిన అడ్రస్, వేళ ఉంటాయి.

ఇందులోనే ఒక చిక్కుంది, మీకు నేరుగా వర్తిస్తుంది. పాత తరహా ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే. అవి చాలక, ఒక్క పబ్లిక్ అడ్రస్‌ని చాలా ఇళ్లకి కలిపి వాడతారు, సీజీనాట్ అంటారు. అందుకే పోలీసులు ఐపీ అడ్రస్ ఒక్కటే పట్టుకొచ్చి అడిగితే సరిపోదు. పోర్ట్ నంబర్ (ఒకే అడ్రస్ పంచుకునే కనెక్షన్లని విడదీసి చూపే నంబర్), సెకన్లతో సహా సమయం కావాలి. అవి ఉంటే రికార్డు ఒక కనెక్షన్ దగ్గరికి తీసుకెళ్తుంది. మీ విషయంలో ఆ కనెక్షన్ ఎవరిది? ఓనర్ గారిది. మేడ మీద ఎవరు వాడారు, కింద ఎవరు వాడారు, గోడ అవతల పాస్‌వర్డ్ తీసుకున్న కుర్రాడు ఎవడు అన్నది కంపెనీ రికార్డులో ఉండదు. నోటీసు వస్తే ఆయన పేరు మీద వస్తుంది, ఆయన మీ వైపు చూస్తారు. మన ఊళ్లలో వైఫై పాస్‌వర్డ్ పంచదార అరువిచ్చినట్టు ఇచ్చేస్తారు గానీ, తేడా వస్తే వచ్చే తలనొప్పి ఇది.

ఎవరు అడగొచ్చు? పాత రికార్డుల కోసం దర్యాప్తు చేసే పోలీసులు చట్టప్రకారం రాతపూర్వకంగా అడుగుతారు. ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 94వ సెక్షన్ కింద అడుగుతున్నారు, ఇదివరకు పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 91 ఉండేది. జరుగుతున్న దాన్ని దారిలో పట్టి వినడం, చదవడం వేరే సంగతి. దానికి ఐటీ చట్టం 69వ సెక్షన్, దాని కింద 2009లో చేసిన నిబంధనలు ఉన్నాయి. మామూలుగా కేంద్ర హోం కార్యదర్శో, రాష్ట్ర హోం కార్యదర్శో ఉత్తర్వు ఇవ్వాలి. ఒక ఉత్తర్వు 60 రోజులు, పొడిగించినా మొత్తం 180 రోజులు దాటకూడదు. 2018 డిసెంబరులో కేంద్రం ఇందుకు పది సంస్థల పేర్లు ప్రకటించినప్పుడు పెద్ద గొడవే అయింది, అంతకు ముందు ఏడాదే, 2017 ఆగస్టు 24న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది కదా మరి. ఏమైనా ఉత్తర్వు ఉన్నా హెచ్‌టీటీపీఎస్ లోపలిది నెట్ కంపెనీ విప్పలేదు. దాని దగ్గర తాళంచెవి లేదు. ఇంటి ఓనర్‌కీ, కేబుల్ ఆపరేటర్‌కీ, మీ మేనమామకీ ఈ రికార్డు అడిగే హక్కు లేదు.

ఇప్పుడు ప్రకటనలు. మీ భయానికి మొదలు ఇదే అయినా, ఇందులో నెట్ కంపెనీ పాత్ర వెతకనక్కర్లేదు. మీరు గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉండి వెతికారు. మీరు తెరిచిన క్లినిక్ సైటులో, జాబ్ సైటులో గూగుల్ వాళ్లవీ, ఫేస్‌బుక్ వాళ్లవీ ట్రాకర్లు (ఎవరు ఏం చూశారో గమనించే కోడ్) ఉండే ఉంటాయి. నెట్ కంపెనీకి సైటు పేరే తెలిస్తే, వీళ్లకి పేజీ, వెతికిన మాట, ఎంతసేపు ఆగారో కూడా తెలుస్తుంది. ఇంకో సంగతి, ఒకే వైఫై వాడేవాళ్లని ఒకే ఇల్లుగా లెక్కేసి ప్రకటనలు చూపించడం కూడా ఉంది. మీరు చూసిన సామాను ప్రకటన కింద ఓనర్ గారి టీవీలో వచ్చిందంటే ఆశ్చర్యపోకండి. గూగుల్ ఖాతాలో 'మై యాక్టివిటీ' తెరిచి పాతవి చెరిపేసి, ప్రకటనల పర్సనలైజేషన్ ఆపండి. నెట్ కంపెనీ మీద మీరు పెట్టే ఏ జాగ్రత్తకంటే దీని వల్ల మీకు కనిపించే తేడా ఎక్కువ.

ఇన్‌కాగ్నిటో గురించి రెండు మాటలు చాలు. అది మీ ఫోన్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది. ఇంట్లో ఫోన్ ఎవరైనా తీసుకుంటారన్న భయముంటే పనికొస్తుంది. నెట్ కంపెనీకి, వైఫై బాక్స్‌కి, ఆఫీసుకి మామూలు కిటికీకీ దానికీ తేడా ఏమీ కనిపించదు.

ఇక మీరు అడగనిది, నేను అడగాల్సినది. ఉద్యోగం మారడం గురించి మీరు వెతికింది దేంట్లో? ఇంటి నుంచి పని చేస్తున్నానని రాశారు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వెతికి ఉంటే, నెట్ కంపెనీ గురించి పడే టెన్షన్ అంతా తప్పు చోట పడుతున్నారు. చాలా ఆఫీసులు తమ ల్యాప్‌టాప్‌లలో సొంత సర్టిఫికెట్ వేసి ఇస్తాయి. దాంతో హెచ్‌టీటీపీఎస్ లోపలిది కూడా విప్పి చూడగలవు, పేజీలతో సహా. ఆఫీసు వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు మీ రాకపోకలు నెట్ కంపెనీకి కనబడవు, మీ మేనేజర్ కంపెనీకి కనబడతాయి! జాబ్ సైట్లు, డాక్టర్ సంగతులు, బ్యాంకు పనులు సొంత ఫోన్‌లో చూసుకోండి. నా మట్టుకు నాకు మీ మొత్తం ప్రశ్నలో నిజంగా జాగ్రత్తపడాల్సింది ఇదొక్కటే అనిపించింది.

వీపీఎన్ కొనాలా? మీ అవసరానికి అక్కర్లేదంటాను. వీపీఎన్ పెడితే నెట్ కంపెనీకి ఒక్క అడ్రసే కనిపిస్తుంది, మీరు వీపీఎన్ వాడుతున్నారని తెలుస్తుంది, ఎంత డేటా నడిచిందో తెలుస్తుంది. నిజమే. కానీ ఇన్నాళ్లూ విజయనగరంలోనో విశాఖలోనో ఆఫీసున్న, లైసెన్సున్న కంపెనీకి తెలిసేదంతా ఇప్పుడు ఎక్కడిదో తెలియని ఒక కంపెనీకి తెలుస్తుంది. ఉచిత వీపీఎన్‌లైతే మరీను. ఒనావో అని ఒక ఉచిత వీపీఎన్ ఉండేది. దాన్ని 2013లో ఫేస్‌బుక్ కొనుక్కుని, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారా గమనించింది. 2018లో యాపిల్ స్టోర్ నుంచి తీసేయాల్సి వచ్చింది, మరుసటి ఏడాది మూసేశారు. కాపాడుతుందనుకుని వేసుకున్నదే కాపు కాసింది.

ఇంకో విషయం, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్ సేవలిచ్చేవాళ్లు కస్టమర్ల పేర్లు, అడ్రస్‌లు, ఇచ్చిన ఐపీల వివరాలు ఐదేళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటివి ఇక్కడి సర్వర్లు తీసేశాయి. రైల్వే స్టేషన్ వైఫైలో, లాడ్జి వైఫైలో డబ్బు పెట్టి కొన్న మంచి వీపీఎన్‌కి అర్థం ఉంది. ఇంట్లో కూర్చుని జబ్బు గురించి చదవడానికి నెలనెలా డబ్బు కట్టనక్కర్లేదు. మరీ గుట్టుగా చూసుకోవాల్సింది ఏదైనా ఉంటే వైఫై ఆపి మీ సొంత సిమ్ డేటా మీద చూడండి. ఆ సిమ్ కంపెనీకి సైటు పేరు తెలుస్తుంది, కానీ ఓనర్ గారి బాక్స్ మధ్యలో ఉండదు.

డబ్బు ఖర్చు లేనిది ఒకటుంది, అది చేయండి. ఆండ్రాయిడ్ 9, ఆ తర్వాతి ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'ప్రైవేట్ డీఎన్‌ఎస్' అని ఉంటుంది. అక్కడ డీఎన్‌ఎస్.గూగుల్ అని గానీ, క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ తన డీఎన్‌ఎస్‌కి ఇచ్చిన పేరు గానీ ఇంగ్లిషు అక్షరాల్లో ఇస్తే, మొదట చెప్పిన ఆ పేరు అడిగే ప్రశ్న ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. నెట్ కంపెనీ డీఎన్‌ఎస్ లాగ్‌లో మీ సైట్లు పడవు. వెళ్లిన సైట్ల జాబితా నమోదయ్యేలా వైఫై బాక్స్‌లో ఎవరైనా డీఎన్‌ఎస్ మార్చి ఉన్నా, మీ ఫోన్ దాన్ని దాటేస్తుంది. ఎస్‌ఎన్‌ఐ ఎలాగూ మిగిలే ఉంటుంది, ఆ ప్రశ్నలు ఇప్పుడు గూగుల్‌కో క్లౌడ్‌ఫ్లేర్‌కో వెళ్తాయి. సగం పనే, కానీ ఉచితంగా అయ్యే సగం. అప్పుడప్పుడు రైల్వే స్టేషన్ వైఫైలో లాగిన్ పేజీ రాకపోతే కాసేపు ఆపి మళ్లీ పెట్టుకోండి.

కేబుల్ అబ్బాయి చేతిలోని తాళం అన్నాను కదా, అది వైఫై బాక్స్. చాలా ఇళ్లలో బాక్స్ పెట్టినవాడే పాస్‌వర్డ్ పెడతాడు. ఇంటి పేరు పక్కన 123, లేదా ఓనర్ గారి ఫోన్ నంబర్. బాక్స్ సెట్టింగుల్లోకి వెళ్లే అడ్మిన్ పాస్‌వర్డ్ వీధంతా ఒకటే ఉంటుంది. కంపెనీకి కూడా దూరం నుంచి ఆ బాక్స్‌ని సరిచేసే దారి ఉంటుంది, లైన్ పాడైతే అందులోంచే చూస్తారు. ఆ పేజీలోకి వెళ్లినవాళ్లకి ఇంట్లో ఎన్ని ఫోన్లు, టీవీలు కలిసి ఉన్నాయో, వాటి పేర్లేమిటో కనిపిస్తాయి. మీ ఫోన్‌కి మీ పూర్తి పేరు పెట్టుకుని ఉంటే మార్చేయండి, ఫోన్ సెట్టింగుల్లో 'అబౌట్ ఫోన్' దగ్గర ఉంటుంది. కొన్ని బాక్సుల్లో పిల్లల కోసమని పెట్టే నియంత్రణలో వెళ్లిన సైట్ల పేర్లు కూడా నమోదవుతాయి. మీ ఓనర్ గారు దాన్ని ఆన్ చేసి ఉంటారని నేననను. కానీ మీ సైట్ల పేర్లు ఊళ్లో ఎవరికైనా తెలియాలంటే, కంపెనీ సర్వర్ కంటే ముందు దారి ఈ బాక్సే.

అందుకని ఓనర్ గారితో మాట్లాడి, ఆయన చేతే వైఫై పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ రెండూ మార్పించండి. "మీ మీద అనుమానం" అన్నట్టు కాకుండా, "అంకుల్, ఈ కనెక్షన్ మీ పేరు మీద ఉంది, వీధిలో ఎవరైనా వాడి ఏదైనా చేస్తే నోటీసు మీకొస్తుంది" అని చెప్పండి, వెంటనే ఒప్పుకుంటారు. అది అబద్ధం కూడా కాదు. బాక్స్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే మీకు అది వేరేగా ఇమ్మనండి. మీ ఫోన్లూ వాళ్ల ఫోన్లూ ఒకదానికొకటి కనబడవు. వీలైతే ఇంకా మంచిది మీ పేరు మీద వేరే కనెక్షన్ తీసుకోవడం, ఆ నెలకిచ్చే డబ్బుకి ఇంకొంత కలిపితే వచ్చేస్తుంది.

పాస్‌వర్డ్ మార్చే పేజీ ఒక్కో బాక్స్‌లో ఒక్కోచోట ఉంటుంది. బాక్స్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ పేరుంటుంది, అది ఇక్కడ రాస్తే ఎక్కడ నొక్కాలో చెబుతాను. స్టిక్కర్ ఫొటో మాత్రం పెట్టకండి, సీరియల్ నంబర్, మొదటి పాస్‌వర్డ్ దాని మీదే ఉంటాయి.